వైఫై కంట్రోలర్ కొనేముందు: ఏ దారిలో ఏ బగ్‌లు, ఎవరికి ఏది నయం

కాలేజీకో, హాస్పిటల్‌కో, వంద గదుల హోటల్‌కో వైఫై వేయించాలంటే కొటేషన్లలో మనం చూసేది మూడు విషయాలే. వైఫై 6 ఇస్తున్నారా 7 ఇస్తున్నారా, ఒక్కో యాక్సెస్ పాయింట్ (గదుల్లో సిగ్నల్ ఇచ్చే పెట్టె) ధరెంత, వారంటీ ఎన్నేళ్లు. వాటిలోనూ, వాటన్నిటినీ ఒకచోట నుంచి నడిపే కంట్రోలర్‌లోనూ ఉండే సాఫ్ట్‌వేర్ ఏ వర్షన్, దానిలో ఇప్పటికే బయటపడ్డ లోపాలేమిటి, రేపు ఇంకొకటి బయటపడితే సరిచేసుకునే దారేమిటి అని అడిగేవాళ్లు తక్కువ. తర్వాత ఐదేళ్లూ సతాయించేది మాత్రం ఇదే.

బగ్‌లు లేని కంపెనీ లేదు. ఎవరు ఎన్ని సెక్యూరిటీ ప్రకటనలు ఇచ్చారో లెక్కపెట్టి, తక్కువ ఇచ్చినవాళ్లది మంచి సరుకు అనుకుంటే మోసపోతాం. వెతికేవాళ్లు లేకపోయినా, దొరికింది బయటికి చెప్పకపోయినా జాబితా చిన్నదిగానే ఉంటుంది. నేను చూసేది వేరు. బగ్ వస్తే ఎక్కడ వస్తుంది, దాని గురించి కంపెనీ ఎంత వివరంగా చెబుతుంది, ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయాలంటే నెట్‌వర్క్ ఎంతసేపు ఆపాలి, ఆ ప్యాచే కొత్త గొడవ తెస్తే పాత వర్షన్‌కి వెళ్లడం కుదురుతుందా. ఈ నాలుగు ప్రశ్నలతోనే కింది దారులన్నిటినీ పోల్చాను.

బ్రాండ్ మార్చినా వదలనివి

ముందు ఒక అపోహ పోవాలి. కొన్ని లోపాలు ఏ కంపెనీ సొంతమూ కావు. 2017 అక్టోబర్‌లో బయటపడ్డ క్రాక్ అలాంటిది. బెల్జియంలోని ల్యూవెన్ యూనివర్సిటీ పరిశోధకుడు మ్యాథీ వాన్‌హోఫ్ దాన్ని కనిపెట్టాడు. ఫోన్ యాక్సెస్ పాయింట్‌కి కలిసేటప్పుడు రెండిటి మధ్యా నాలుగు సందేశాలు నడుస్తాయి. మధ్యలో ఎవరైనా దూరి మూడో సందేశాన్ని మళ్లీ పంపితే, ఫోన్ అప్పటికే వాడుతున్న కీనే మళ్లీ వేసుకుని లెక్కింపును మొదటికి తెచ్చేస్తుంది. దాంతో ఎన్‌క్రిప్షన్ బలహీనపడుతుంది. వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 ప్రమాణంలోనే ఉన్న లోపం కాబట్టి ఏ బ్రాండూ తప్పించుకోలేదు. యాక్సెస్ పాయింట్ వైపు ఇది ముఖ్యంగా తగిలింది 802.11ఆర్ అనే ఫాస్ట్ రోమింగ్ (ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకొకదానికి త్వరగా మారే) ఫీచర్‌లో. అందుకే ప్యాచ్ పడేదాకా ఆ ఫీచర్ ఆపుకోవడం ఒక తాత్కాలిక మార్గమైంది.

అదే పరిశోధకుడు 2021 మేలో ఫ్రాగ్‌అటాక్స్ పేరుతో 12 లోపాలు బయటపెట్టాడు. వాటిలో మూడు వైఫై ప్రమాణం డిజైన్‌లోవే, మిగతావి కంపెనీలు కోడ్ రాయడంలో చేసిన తప్పులు. 75కి పైగా పరికరాలు పరీక్షిస్తే ప్రతిదానిలో ఏదో ఒకటి దొరికింది. 2020 ఫిబ్రవరిలో ఈసెట్ సంస్థ ప్రకటించిన క్రూక్ బ్రాడ్‌కామ్, సైప్రస్ చిప్‌లకు సంబంధించింది. 2018 నవంబర్‌లో ఆర్మిస్ చెప్పిన బ్లీడింగ్‌బిట్ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బ్లూటూత్ చిప్‌లలోది. ఆ చిప్‌లు సిస్కో, సిస్కోదే అయిన మెరాకి, అరూబా బ్రాండ్ల యాక్సెస్ పాయింట్లు మూడిట్లోనూ ఉన్నాయి.

వీటి విషయంలో కంపెనీల మధ్య తేడా రెండు చోట్ల తేలుతుంది: ప్యాచ్ ఎన్నాళ్లకు ఇచ్చారు, పాత మోడళ్లను వదిలేశారా కలుపుకున్నారా. ఫ్రాగ్‌అటాక్స్ మీద ఒక్కో కంపెనీ ఇచ్చిన ప్రకటన తీసి, ఏ మోడల్‌కి ఏ వర్షన్‌లో సరిచేశారో చూడండి. సేల్స్ వాళ్ల మాటల కన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది.

సొంత హార్డ్‌వేర్ కంట్రోలర్

వందల యాక్సెస్ పాయింట్లున్న చోట ఎక్కువగా కనిపించేది ఈ పద్ధతి. సిస్కోనే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని లోపాల చిట్టా అందరికన్నా బాగా బయటికి కనిపిస్తుంది. సిస్కోలో రెండు తరాలున్నాయి. పాతది ఎయిర్‌ఓఎస్ మీద నడిచే 2504, 5508, 3504, 5520, 8540 లాంటివి. కొత్తది ఐఓఎస్ ఎక్స్‌ఈ (సిస్కో సొంత సాఫ్ట్‌వేర్, ఐఫోన్‌ది కాదు) మీద నడిచే క్యాటలిస్ట్ 9800. ఇవి ఒకే సాఫ్ట్‌వేర్‌కి పాత, కొత్త వర్షన్లు కావు. వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లు, కాబట్టి బగ్‌లూ వేర్వేరే.

ఎయిర్‌ఓఎస్‌లో 2022 ఏప్రిల్‌లో పదికి పది తీవ్రత ఉన్న లోపం ఒకటి వచ్చింది (సీవీఈ-2022-20695; సీవీఈ అంటే ఒక్కో లోపానికి ఇచ్చే నంబర్). పాస్‌వర్డ్ తెలియకపోయినా అడ్మిన్‌గా లోపలికి రావచ్చు. కాకపోతే మ్యాక్ ఫిల్టర్ రేడియస్ సెట్టింగ్ ఒక ప్రత్యేకమైన విలువలో ఉంటేనే అది పనిచేస్తుంది. 8.10.171.0 వర్షన్‌లో సరిచేశారు. 9800 వైపు చూస్తే 2021 సెప్టెంబర్‌లో, యాక్సెస్ పాయింట్లు కంట్రోలర్‌తో మాట్లాడే క్యాప్‌వ్యాప్ ప్రోటోకాల్‌లో పదికి పది, 2023 అక్టోబర్‌లో ఐఓఎస్ ఎక్స్‌ఈ వెబ్ పేజీ లోపం పదికి పది, 2025 మేలో మళ్లీ పదికి పది. ఈ చివరిదాంట్లో సాఫ్ట్‌వేర్‌లోనే మార్చలేని ఒక టోకెన్ రాసిపెట్టి ఉంది. అది తెలిసినవాడు కంట్రోలర్‌లోకి ఫైళ్లు ఎక్కించి రూట్ (పూర్తి) అధికారంతో కమాండ్లు నడపగలడు.

ఈ పదులు చూసి బెదిరిపోతే పోలిక అక్కడే ఆగిపోతుంది. షరతులు చదవాలి. 2025 నాటి లోపం పనిచేయాలంటే యాక్సెస్ పాయింట్లకు ఇమేజ్ (వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ ఫైల్) విడిగా పంపే ఒక ఫీచర్ ఆన్ చేసి ఉండాలి. అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్‌లో ఉన్నా ఆపేస్తే సరిపోతుంది, ఇమేజ్ డౌన్‌లోడ్ క్యాప్‌వ్యాప్ ద్వారా పాత పద్ధతిలో సాగుతుంది. పైగా ఆ లోపాన్ని పట్టుకుంది సిస్కో సొంత టీమే. 2023 నాటి వెబ్ పేజీ లోపం మాత్రం అలా తేలిగ్గా తీసుకునేది కాదు. ప్యాచ్ రాకముందే దాడులు జరిగాయి. కంట్రోలర్ అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టినవాళ్లకే ఎక్కువ నష్టం జరిగింది. ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి వీలుగా ఉంటుందని పబ్లిక్ ఐపీ ఇచ్చేసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. దయచేసి మానండి, వీపీఎన్ పెట్టుకోండి.

నా దృష్టిలో సెక్యూరిటీ లోపాల కన్నా ఎక్కువమందిని కంగారు పెట్టేవి తేదీకి కట్టుబడిన బగ్‌లు. సిస్కో యాక్సెస్ పాయింట్‌లో ఫ్యాక్టరీలోనే ఒక సర్టిఫికెట్ వేస్తారు. కంట్రోలర్‌తో మాట్లాడాలంటే యాక్సెస్ పాయింట్ దాన్నే చూపించాలి. పాత మోడళ్లలో దాని ఆయుష్షు పదేళ్లు. గడువు తీరిన రోజు ఏమీ జరగదు, కనెక్షన్ నడుస్తూనే ఉంటుంది. ఎప్పుడో కరెంటు పోయి రీబూట్ అయినప్పుడు మాత్రం కంట్రోలర్ దాన్ని లోపలికి రానివ్వదు. పరికరం పాడైందనుకుని మార్చేస్తారు, బదులుగా పెట్టిన ఇంకో పాతదీ అంతే. సర్టిఫికెట్ గడువును పట్టించుకోవద్దని కంట్రోలర్‌కి చెప్పే కమాండ్ ఉంది. కానీ ఆ కమాండ్ ఉన్న వర్షన్‌లో మీ కంట్రోలర్ ఉండాలి.

ఇలాంటిదే ఇంకొకటి 2022 డిసెంబర్ 4న జరిగింది. పాత ఐఓఎస్ యాక్సెస్ పాయింట్ల ఇమేజ్ మీద సంతకం చేసిన సర్టిఫికెట్ ఆ రోజుతో ముగిసింది. ఆ తర్వాత అప్‌గ్రేడ్ మొదలుపెట్టినవాళ్లకు యాక్సెస్ పాయింట్లు డౌన్‌లోడింగ్ దశలోనే ఇరుక్కుపోయాయి. ఎన్‌టీపీ (గడియారాన్ని తనంతట తానే సరిచేసే సర్వీసు) ఆపి, కంట్రోలర్ గడియారాన్ని డిసెంబర్ 4కి ముందు తేదీకి తిప్పి, యాక్సెస్ పాయింట్లన్నీ ఎక్కాక మళ్లీ ముందుకు తేవాలన్నది కంపెనీ చెప్పిన ఉపాయం. వినడానికి వింతగా ఉన్నా పనిచేస్తుంది. పాత 2700, 3700 సిరీస్ నడుపుతున్నవాళ్లు ఈ విషయం ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

బ్రాంచ్‌లున్న సంస్థలు చూసుకోవాల్సింది మరొకటి ఉంది. కంట్రోలర్ హైదరాబాద్‌లో, యాక్సెస్ పాయింట్లు ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో ఉన్నాయనుకోండి. లైన్ సరిగా లేనప్పుడు ఇమేజ్ పాడై దిగితే, కొన్ని వర్షన్లలో యాక్సెస్ పాయింట్ దాన్ని సరిగా పరీక్షించకుండానే సరేననుకునేది. రీబూట్ కాగానే చెక్‌సమ్ (ఫైల్ సరిగా ఉందో లేదో చూసే లెక్క) తప్పి, మళ్లీ మళ్లీ రీబూట్ అవుతూ ఉండిపోయేది. అప్పుడు ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని పైకెక్కి కన్సోల్ కేబుల్ పెట్టాల్సిందే. దూరపు బ్రాంచ్‌లుంటే ఇమేజ్‌ని అక్కడి లోకల్ సర్వర్ నుంచి ఎక్కించే పద్ధతి మీ ప్లాన్‌లో ఉండాలి.

ఇంత చెప్పాక కూడా పెద్ద క్యాంపస్‌కి నేను 9800 వైపే మొగ్గుతాను. మొత్తం వర్షన్ మార్చకుండా ఒక్క బగ్‌కి మాత్రమే ప్యాచ్ వేసే వీలుంది. యాక్సెస్ పాయింట్లకు వేరుగా సర్వీస్ ప్యాక్‌లు ఇస్తారు. జత కంట్రోలర్లుంటే సర్వీసు ఆగకుండా అప్‌గ్రేడ్ చేయవచ్చు, యాక్సెస్ పాయింట్లను విడతలుగా రీబూట్ చేయవచ్చు. రాత్రింబవళ్లు నడిచే హాస్పిటల్‌కి ఈ సదుపాయం ధర కన్నా ముఖ్యం. ప్రతి బగ్‌కీ ఒక నంబర్, లక్షణాలు, ఏ వర్షన్‌లో తగ్గిందో రాసిన పేజీ ఉంటుంది. కాకపోతే సపోర్ట్ కాంట్రాక్ట్ లేకపోతే సాఫ్ట్‌వేర్ దించుకోవడం కష్టం. కాంట్రాక్ట్‌కి ఏటా డబ్బు కట్టలేని సంస్థ ఈ దారిలోకి రాకపోవడమే మంచిది.

కంట్రోలర్ లేని గుంపు

అరూబా ఇన్‌స్టంట్, రకస్ అన్‌లీష్డ్ లాంటివాటిలో యాక్సెస్ పాయింట్లే తమలో ఒకదాన్ని పెద్దగా పెట్టుకుంటాయి. అది పోతే ఇంకొకటి ఆ బాధ్యత తీసుకుంటుంది. నలభై, యాభై యాక్సెస్ పాయింట్ల లోపు హోటల్‌కో స్కూల్‌కో చక్కగా సరిపోతుంది. విడి కంట్రోలర్ ఖర్చు ఉండదు.

చిక్కు ఏమిటంటే, ఇక్కడ కంట్రోలర్‌లో వచ్చే బగ్ ప్రతి గదిలోనూ ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో అరూబా మూడు లోపాలు ప్రకటించింది (సీవీఈ-2024-42505 నుంచి 42507 దాకా). పరికరాలు తమలో తాము మాట్లాడుకునే పాపీ అనే ప్రోటోకాల్‌కి, అంటే యూడీపీ 8211 పోర్టుకి, ప్రత్యేకంగా తయారుచేసిన ప్యాకెట్ పంపితే లాగిన్ లేకుండానే కమాండ్లు నడుస్తాయి. తీవ్రత 9.8. ఇన్‌స్టంట్ 8 వాడేవాళ్లు క్లస్టర్ సెక్యూరిటీ ఆన్ చేసుకుంటే గండం తప్పుతుంది. అరూబా కొత్త సాఫ్ట్‌వేర్ ఏఓఎస్ 10 అయితే నమ్మకం లేని నెట్‌వర్క్‌ల నుంచి ఆ పోర్టును ఆపేయాలి. ఇదే ప్రోటోకాల్‌లో 2023లోనూ, 2024 మేలోనూ తీవ్రమైన లోపాలు వచ్చాయి. అంటే అరూబా తీసుకునేవాళ్లు గెస్ట్ వైఫై నుంచి యాక్సెస్ పాయింట్ల మేనేజ్‌మెంట్ వీల్యాన్‌కి (వేరుచేసిన నెట్‌వర్క్ భాగానికి) దారి లేకుండా చేయడం మొదటి రోజు పనిగా పెట్టుకోవాలి. సపోర్ట్ అయిపోయిన వర్షన్లకు ప్యాచ్ ఇవ్వబోమని కంపెనీ ప్రతి ప్రకటనలోనూ స్పష్టంగా రాస్తుంది. అరూబా వర్షన్లలో ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేవి, తక్కువ కాలం ఉండేవి అని రెండు రకాలున్నాయి. కొత్త ఫీచర్ తప్పనిసరి అయితే తప్ప మొదటి రకంలోనే ఉండండి.

రకస్ రేడియో పనితనం మీద నాకు గౌరవం ఉంది. జనం కిక్కిరిసిన హాల్లో దాని యాంటెన్నాలు నిలబడతాయి. సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అడ్మిన్ పేజీలో సీవీఈ-2023-25717 అనే లోపానికి 2023 ఫిబ్రవరిలో ప్యాచ్ వచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే ఆండోర్యుబాట్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల చేతిలోని పరికరాల దండు) ప్యాచ్ వేయని పరికరాలను పట్టి, దాడులకు వాడుకుంది. ఒక్క వెబ్ రిక్వెస్ట్ పంపితే పని అయిపోయేంత సులువైన లోపం అది. 2025 జూలైలో అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం రకస్ వర్చువల్ స్మార్ట్‌జోన్‌లో, ఆ కంపెనీ నెట్‌వర్క్ డైరెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌లోనే రాసిపెట్టిన రహస్య కీలున్నాయని ప్రకటించింది. ప్రకటన వెలువడిన నాటికి ప్యాచ్ లేదు. రకస్ కొనేవాళ్లు ప్యాచ్ ఎవరు వేస్తారు, ఎన్ని రోజుల్లో వేస్తారు అన్నది వైఫై వేసేవాళ్లతో రాయించుకోవాలి.

క్లౌడ్‌లో కంట్రోలర్

మెరాకి లాంటివాటిలో కంట్రోలర్ కంపెనీ సర్వర్లలోనే ఉంటుంది, అప్‌గ్రేడ్ తలనొప్పి చాలావరకు కంపెనీదే. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఎప్పుడు మారుతుందో ముందే చెబుతుంది, మీరు తేదీ మార్చుకోవచ్చు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లోపు వెనక్కి వెళ్లొచ్చు. ప్రతి వర్షన్ పక్కనే తెలిసిన సమస్యల జాబితా డ్యాష్‌బోర్డ్‌లో కనిపిస్తుంది. ఐటీ మనిషి ఒక్కడే ఉన్న సంస్థకు ఇది పెద్ద ఊరట.

ఇక్కడి బగ్‌ల తీరు మాత్రం వేరు. అవి మీ బిల్డింగ్‌లో పుట్టవు, మీ చేతిలో ఉండవు. 2017 ఆగస్టులో మెరాకి ఇంజినీర్లు ఉత్తర అమెరికా స్టోరేజీలో చేసిన ఒక మార్పు వల్ల కస్టమర్లు ఎక్కించిన ఫ్లోర్ ప్లాన్లు, లోగోలు, లాగిన్ పేజీ డిజైన్లు చెరిగిపోయాయి. వైఫై ఆగలేదు కానీ పోయిన ఫైళ్లు పోయాయి. 2023 డిసెంబర్ 13న యూనిఫై తయారుచేసే యుబిక్విటీ కంపెనీ క్లౌడ్‌లో ఒక మార్పు తేడా చేసి, 1,216 ఖాతాలు వేరే 1,177 ఖాతాలతో కలిసిపోయాయి. ఒకరి పరికరాలు మరొకరి తెరమీద కనిపించాయి. ఇలాంటప్పుడు కస్టమర్ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే క్లౌడ్ తీసుకున్నా ఫ్లోర్ ప్లాన్లు, వైఫై పేర్లు, వీల్యాన్ వివరాలు మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి.

అరూబా మాతృసంస్థ హెచ్‌పీఈ చిన్న షాపులకు అమ్మే ఇన్‌స్టంట్ ఆన్ యాక్సెస్ పాయింట్లలో 2025 జూలైలో ప్రకటించిన లోపం చెప్పుకోవాలి. ఎవరూ మార్చలేని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి (సీవీఈ-2025-37103). 3.2.0.1, అంతకన్నా పాత వర్షన్లలో ఉంది, 3.2.1.0లో తీసేశారు. పేరులో ఇన్‌స్టంట్ ఉన్నా ఇది పైన చెప్పిన అరూబా ఇన్‌స్టంట్ కాదు, సాఫ్ట్‌వేర్ వేరు. ఒకదాని ప్యాచ్ ఇంకొకదానికి వెతుక్కోకండి.

మెరాకి లైసెన్స్ రెన్యువల్ చేయకపోతే పరికరాలు పనికిరాకుండా పోతాయి. బడ్జెట్ ఆలస్యంగా విడుదలయ్యే ప్రభుత్వ కాలేజీలు ఈ ఒక్క కారణంతోనే దీనికి దూరంగా ఉండొచ్చు.

మన సర్వర్‌లోనే కంట్రోలర్: యూనిఫై, ఒమాడా

తెలుగు రాష్ట్రాల్లో చిన్న ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, కోచింగ్ సెంటర్లు ఎక్కువగా కొనేవి యుబిక్విటీ వారి యూనిఫై, టీపీ-లింక్ వారి ఒమాడా. ధర అందుబాటులో ఉంటుంది, లైసెన్స్ గొడవ లేదు. కంట్రోలర్ ఆగిపోయినా యాక్సెస్ పాయింట్లు వైఫై ఇస్తూనే ఉంటాయి. గెస్ట్ పోర్టల్ లాంటివి మాత్రం ఆగుతాయి.

వీటి అసలు బలహీనత కంట్రోలర్ కింద ఉన్న ఇతర సాఫ్ట్‌వేర్. 2021 డిసెంబర్‌లో జావా ప్రోగ్రాములు వాడే లాగ్4జే అనే కోడ్‌లో లోపం వచ్చినప్పుడు యూనిఫై, ఒమాడా రెండూ దెబ్బతిన్నాయి, రెండూ జావాతో నడుస్తాయి కాబట్టి. యూనిఫై 6.5.54తో ప్యాచ్ ఇచ్చింది. ఒకసారి ఇన్‌స్టాల్ చేసి మూలన పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లో ఇవి నడుస్తుంటాయి, ఎవరూ ముట్టుకోరు. ఆ లోపం ఇంకా అలాగే ఉన్న కంట్రోలర్లు ఇప్పటికీ ఉంటాయని నా భయం. ఈ రెండింటిలో ఏది వాడుతున్నా ఇవాళే వర్షన్ చూసుకోండి.

ఇంకో సమస్య కరెంటు. కంట్రోలర్ నడిపే చిన్న పెట్టె అయిన మొదటి తరం యూనిఫై క్లౌడ్ కీ మీద కరెంటు ఉన్నట్టుండి పోతే లోపలి మాంగోడీబీ డేటాబేస్ పాడయ్యేదన్న ఫిర్యాదు బాగా తెలిసిందే. రెండో తరంలో లోపలే చిన్న బ్యాటరీ పెట్టారు. మీరు ఏది వాడినా కంట్రోలర్‌ని యూపీఎస్ మీద పెట్టండి, బ్యాకప్ ఫైల్ వేరే చోట దాచండి.

యూనిఫైలో కొత్త ఫర్మ్‌వేర్ వేగంగా వస్తుంది, అంతే వేగంగా కొత్త బగ్‌లూ వస్తాయి. ఎర్లీ యాక్సెస్, రిలీజ్ క్యాండిడేట్, అఫీషియల్ అని మూడు మెట్లుంటాయి. సొంతింట్లో తప్ప అఫీషియల్ దాటి వెళ్లొద్దు. అఫీషియల్ అయినా కొన్ని వారాలు ఆగి, ఒక్క యాక్సెస్ పాయింట్ మీద వేసి చూశాకే మిగతావాటికి. ఒమాడా నెమ్మది, ఆ నెమ్మదే ఒక్కోసారి మేలు. రోమింగ్, రిపోర్టుల్లో యూనిఫై ముందుంది కానీ, ముట్టుకోకుండా నడవాల్సిన చోట నేను ఒమాడానే సూచిస్తాను.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ గురించి క్లుప్తంగా. 2024 డిసెంబర్‌లో దాని ఇమేజ్ తయారుచేసే సర్వీసులో చెక్‌సమ్‌ను 12 అక్షరాలకు కత్తిరించడం వల్ల లోపం దొరికితే, రిపోర్ట్ వచ్చిన మూడు గంటల్లో సరిచేశారు. అంత వేగం డబ్బు తీసుకునే కంపెనీల దగ్గర అరుదు. కానీ లినక్స్ చేతితో నడిపే మనిషి మీ దగ్గర పర్మినెంట్‌గా ఉంటేనే దీన్ని పెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ సరుకు

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో ఆన్‌లైన్‌లోనో పాత సిస్కో కంట్రోలర్లు చవగ్గా దొరుకుతాయి. 2504, 5508 రెండూ 8.5 వర్షన్ దగ్గరే ఆగిపోయాయి, 2023తో సపోర్ట్ ముగిసింది. ఆ తర్వాత దొరికిన లోపాలకు వాటికి ప్యాచ్ ఉండదు. యాక్సెస్ పాయింట్ అయితే తయారీ తేదీ చూసి సర్టిఫికెట్ గడువు లెక్కేయండి. రెగ్యులేటరీ డొమైన్ (ఏ దేశం రేడియో నిబంధనలకు తయారైందో చెప్పే అక్షరం) కూడా చూడండి. సిస్కోలో ఇండియాది డి, అమెరికాది బి. అమెరికా సరుకు ఇండియాకి సెట్ చేసిన కంట్రోలర్‌లో కలవకపోతే అది బగ్ కాదు, సాఫ్ట్‌వేర్ తన పని తాను చేయడమే. నేర్చుకోవడానికి, ల్యాబ్ పరీక్షలకు ఈ పాత పరికరాలు బాగుంటాయి. రోగుల రికార్డులు నడిచే నెట్‌వర్క్‌లో పెట్టొద్దు.

రిలీజ్ నోట్స్ ఎలా చదవాలి

ఏ కంపెనీ అయినా ప్రతి వర్షన్‌తో ఒక నోట్ ఇస్తుంది. సరిచేసినవి ఒక జాబితా, ఇంకా మిగిలినవి ఒక జాబితా. అందరూ మొదటిది చూసి సంతోషిస్తారు. మీరు రెండోది ముందు చదవండి. మీరు కొనబోయే మోడల్ పేరు, మీ దగ్గర ఎక్కువగా ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వైఫై చిప్ పేరు, మీరు వాడబోయే ఫీచర్ పేరు వెతకండి. రాడార్ లేకపోయినా ఉందనుకుని ఛానల్ మార్చేయడం, డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్ మోడ్‌లో పాత ఫోన్లు కలవకపోవడం, కొన్ని వారాలు ఆగకుండా నడిస్తే మెమరీ నిండిపోవడం లాంటివి పదేపదే కనిపిస్తాయి. నాలుగైదు వర్షన్ల నోట్స్ వరసగా చూస్తే, ఒకే బగ్ సరిచేశామంటూనే మళ్లీ మళ్లీ వస్తోందా అన్నది కూడా తెలుస్తుంది. అలా వచ్చేదుంటే ఆ ఫీచర్ మీద ఆశ పెట్టుకోకండి. మిగిలిన సమస్యల జాబితాయే ఇవ్వని కంపెనీని నేను అక్కడితో పక్కన పెట్టేస్తాను.

ఎవరికి ఏది

పెద్ద హాస్పిటల్, యూనివర్సిటీ, సొంత నెట్‌వర్క్ టీమ్ ఉంటే 9800 జతగా తీసుకోండి. మధ్యస్థాయి హోటల్, స్కూల్ అయితే అరూబా ఇన్‌స్టంట్, మేనేజ్‌మెంట్ వీల్యాన్ వేరు చేసే షరతు మీద. చాలా ఊళ్లలో బ్రాంచ్‌లుండి ఐటీ మనుషులు ఒకరిద్దరే అయితే క్లౌడ్, లైసెన్స్ డబ్బు ఏటా వస్తుందన్న భరోసా ఉంటేనే. అపార్ట్‌మెంట్, చిన్న ఆఫీసు, కోచింగ్ సెంటర్‌కి ఒమాడా చాలు. ఆసక్తి ఉన్న మనిషి ఒకరుంటే యూనిఫై.

ఏది తీసుకున్నా కొటేషన్‌లో మూడు లైన్లు అదనంగా రాయించండి. ఏ వర్షన్‌తో అప్పగిస్తారు, ఆ మోడల్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఏ సంవత్సరం దాకా వస్తాయి, తీవ్రమైన లోపం ప్రకటించాక ఎన్ని రోజుల్లో వచ్చి ప్యాచ్ వేస్తారు. ఈ మూడో లైన్‌కి కొంత డబ్బు అడుగుతారు. ఒక యాక్సెస్ పాయింట్ తగ్గించుకునైనా సరే, అది ఇవ్వండి.